రాబర్ట్ బ్రూస్ ఫుట్

రాబర్ట్ బ్రూస్ ఫుట్ (సెప్టెంబరు 22, 1834 - డిసెంబరు 29, 1912) బ్రిటిషు భూగర్భ శాస్త్రవేత్త, పురావస్తు పరిశోధకుడు. భారతదేశంలో ప్రాక్‌చరిత్ర అధ్యయనానికి ఆద్యుడుగా ప్రసిద్ధుడు. ఆలూరు, ఆదోని తాలూకాలు అంతర్భాగంగా ఉన్న నాటి బళ్ళారి జిల్లా భూగర్భ స్వరూపాన్ని వివరిస్తూ గ్రంథం రచించాడు. ప్రజలు రాక్షసుల చితాభస్మంగా భావించిన బూడిద దిబ్బలు నవీన శిలాయుగపు పశుపోషకులు విడిచివెళ్ళిన స్థావరాలని ప్రతిపాదించాడు.

బాల్యం, ఉద్యోగం

ఫుట్ ఇంగ్లాండులోని చెల్టెన్‌హామ్‌లో జన్మించాడు. 1858లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరి, ఉద్యోగ జీవితంలో అధిక భాగం దక్షిణ భారతదేశంలోనే గడిపాడు. ఆయన మామగారు పీటర్ పెర్సివల్ క్రైస్తవ మత ప్రచారకుడు, భాషావేత్త. 1862లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ప్రచురించాడు.

1863 మే 30న మద్రాసు సమీపంలోని పల్లావరం వద్ద కంకర గోతిలో ఫుట్‌కు ఒక రాతి చేతిగొడ్డలి లభించింది. భారతదేశంలో ప్రాచీన శిలాయుగపు పనిముట్టుగా గుర్తింపు పొందిన మొదటి వస్తువు ఇదే. అదే సంవత్సరం సెప్టెంబరులో విలియం కింగ్‌తో కలసి అత్తిరంపాక్కం స్థలాన్ని కనుగొన్నాడు. అక్కడి పనిముట్లలో అతి పురాతనమైనవి సుమారు 15 లక్షల సంవత్సరాల నాటివని 2011లో ప్రకటించిన పరిశోధన తెలిపింది.

బూడిద దిబ్బలు

బళ్ళారి పరిసరాలలో బూడిద, చిట్టెపు రాయిని పోలిన కరుడుగట్టిన పదార్థంతో కూడిన పెద్ద దిబ్బలు ఉన్నాయి. కుడతిని సమీపంలోని దిబ్బను పాండవుల కాలంలో హతుడైన హిడింబాసురుని చితాభస్మమని, హంపి సమీపంలోని నింబాపురం దిబ్బను వాలి దహనం జరిగిన చోటని జనులు చెప్పుకునేవారు. పరిశోధకులలోనూ ఏకాభిప్రాయం లేదు. ఇవి సామూహిక దహనాల వలన ఏర్పడ్డాయని రాబర్ట్ సెవెల్ అభిప్రాయపడ్డాడు.

దిబ్బలలోను, వాటి చుట్టుపక్కల లభించిన నూరిన రాతి గొడ్డళ్ళను, కుండపెంకులను, పశువుల ఎముకలను ఫుట్ పరిశీలించాడు. నవీన శిలాయుగపు మానవులు పశువులను దొడ్లలో కట్టేవారని, అక్కడ పేరుకున్న పేడ కాలడం వలన ఈ దిబ్బలు ఏర్పడ్డాయని భావించాడు. ఆయన మరణించిన 45 సంవత్సరాలకు, 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను త్రవ్వాడు. బూడిద పొరల మధ్య పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. దీనితో ఫుట్ వాదన బలపడింది.

బిల్లసర్గం గుహలు

బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం సున్నపురాతి గుహలలో ఎముకలు ఉన్న సంగతిని 1844లో న్యూబోల్డ్ వెల్లడించాడు. ప్రముఖ జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ సూచనపై మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ ఈ గుహల పరిశోధనకు ఆసక్తి చూపాడు. 1884లో ఫుట్ త్రవ్వకాలు ప్రారంభించగా, సైనికాధికారియైన ఆయన కుమారుడు హెన్రీ 1885 వరకు కొనసాగించాడు. అంతరించిపోయిన ఒక ఖడ్గమృగంతో సహా అనేక జంతువుల అవశేషాలు ఇక్కడ లభించాయి. వీటిని లిడెక్కర్ 1886లో వర్ణించాడు.

మానవులు చెక్కిన ఎముక పనిముట్లు కూడా దొరికాయని ఫుట్ పేర్కొన్నాడు. కాని ఆ వస్తువులు తరువాతి కాలంలో కనబడకుండా పోవడంతో పండితులు సందేహించారు. 1970వ దశకంలో ఎం.ఎల్.కె. మూర్తి ఇదే ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిలో జరిపిన త్రవ్వకాలలో ప్రాచీన శిలాయుగపు చివరి దశకు చెందిన ఎముక పనిముట్లు లభించాయి. అందువలన ఫుట్ మాటకు తిరిగి విలువ ఏర్పడింది.

ఆలూరు ప్రాంతంతో సంబంధం

ఫుట్ 1891లో పదవీ విరమణ చేశాడు. తరువాత బరోడా, మైసూరు సంస్థానాలలోనూ భూగర్భ పరిశోధనలు నిర్వహించాడు. బళ్ళారి జిల్లా భూగర్భ శాస్త్రంపై ఆయన రచించిన గ్రంథం 1895లో వెలువడింది. ఆదోని తాలూకాలో భాగమైన ఎమ్మిగనూరు ప్రాంతం కూడా ఆనాడు ఈ జిల్లా పరిధిలోనిదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు ఆలూరు, ఆదోని తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. ఈ కారణంగా పశ్చిమ కర్నూలు పూర్వచరిత్రకు సంబంధించిన తొలినాటి సమాచారాన్ని బళ్ళారి జిల్లా పేరుతో ఉన్న గ్రంథాలలో వెదకవలసి ఉంటుంది. బేతంచెర్ల 2022 నుండి నంద్యాల జిల్లాలో ఉంది.

మరణం, వారసత్వం

ఫుట్ నాలుగు దశాబ్దాలకు పైగా సేకరించిన వస్తువులను 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం కొనుగోలు చేసింది. వాటి వివరణాత్మక పట్టిక ఆయన మరణానంతరం 1914లోను, వ్యాఖ్యలు 1916లోను వెలువడ్డాయి. 1912లో కలకత్తాలో మరణించగా, ఆయన అస్థికలను ఏర్కాడులోని హోలీ ట్రినిటీ చర్చి ఆవరణలో ఉంచారు. బళ్ళారిలోని పురావస్తు మ్యూజియానికి ఆయన పేరు పెట్టారు. ఆయన పరిశీలించిన తరహా బూడిద దిబ్బలు అనేకం, పొలాలకు ఎరువుగా తవ్వుకుపోవడం వలన, ఈ తరువాతి కాలంలో నశించాయి. అటువంటి స్థలాల విషయంలో ఆనాటి వర్ణనలు, మ్యూజియంలోని వస్తువులే ఆధారాలుగా మిగిలాయి.