సగంలో ఆగిన నిచ్చెన: స్వరకర్త షోన్‌బర్గ్ జీవితం

యూదుల పవిత్ర గ్రంథంలో యాకోబు ప్రయాణం మధ్యలో రాతిని తలగడగా చేసుకుని నిద్రిస్తాడు. కలలో భూమి నుంచి ఆకాశాన్నంటే నిచ్చెన, దానిపై ఎక్కుతూ దిగుతూ దేవదూతలు కనిపిస్తారు. ఆ కలను భారీ వాద్యబృందంతో, గానంతో ఆవిష్కరించాలని సంకల్పించిన స్వరకర్త ఆర్నాల్డ్ షోన్‌బర్గ్.

ఆయన 1874 సెప్టెంబర్ 13న వియన్నాలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. తండ్రి చెప్పుల వ్యాపారి. తండ్రి మరణానంతరం చిన్న వయసులోనే బ్యాంకులో కొలువుకు చేరారు. సంగీతాన్ని చాలావరకు స్వయంకృషితోనే అభ్యసించారు. 1898లో ప్రొటెస్టెంట్ క్రైస్తవాన్ని స్వీకరించారు. అయినా దైవాన్వేషణ ఆయనను వీడలేదు.

ఆ అన్వేషణ ఫలమే ‘యాకోబు నిచ్చెన’. దీని సాహిత్యం కూడా ఆయనదే. ఇందులో గబ్రియేలు దూత దారి తోచక తల్లడిల్లే ఆత్మలను ఆగక ముందుకు సాగమని ప్రబోధిస్తాడు. 1917 జూన్‌లో స్వరరచన మొదలైంది. ఆరంభంలో మంద్రస్థాయి తంత్రీవాద్యాలు ఆరు స్వరాలను పదేపదే పలుకుతుండగా, మిగిలిన ఆరు స్వరాలు ఇతర వాద్యాలపై వచ్చి చేరుతాయి. పన్నెండు స్వరస్థానాలకూ సమాన ప్రతిపత్తి కల్పిస్తూ తరువాతి కాలంలో ఆయన రూపొందించిన పద్ధతికి బీజం ఇక్కడే ఉంది.

అదే ఏడాది సెప్టెంబర్‌లో సైన్యం నుంచి పిలుపు వచ్చింది. రచన ఆగిపోయింది. మళ్లీ చేపట్టినా సుమారు 700 స్వరఖండికల వద్ద నిలిచిపోయింది.

1933లో నాజీలు అధికారంలోకి రాగానే బెర్లిన్‌లోని అధ్యాపక పదవి పోయింది. యూదులపై ద్వేషం పెచ్చరిల్లుతున్న ఆ వేళ, పారిస్‌లో ఆయన లాంఛనంగా యూదు మతానికి తిరిగివచ్చారు. అనంతరం అమెరికా చేరి లాస్ ఏంజెలిస్‌లో స్థిరపడ్డారు. 1944లో, డెబ్బై ఏళ్ల వయసులో విశ్వవిద్యాలయ ఉద్యోగం నుంచి విరమించారు. ఇంట్లో ముగ్గురు చిన్న పిల్లలు. స్వల్పమైన పింఛను సంసారానికి చాలలేదు. అసంపూర్ణ కృతులను ముగించేందుకు 1945లో గుగ్గెన్‌హైమ్ ఫౌండేషన్‌ను ఆర్థిక సహాయం అర్థించగా తిరస్కారమే ఎదురైంది. జీవిక కోసం శిష్యులకు పాఠాలు చెబుతూనే ఉన్నారు.

1951 జూలై 13న షోన్‌బర్గ్ కన్నుమూశారు. భార్య గెర్‌ట్రూడ్ కోరికపై శిష్యుడు విన్‌ఫ్రీడ్ జిలిగ్ ఆ చిత్తుప్రతులను వాద్యబృందానికి అనువుగా తీర్చిదిద్దారు. గురువు రాయని భాగాన్ని మాత్రం తాను కల్పించలేదు. 1961 జూన్‌లో, స్వరకర్త పుట్టిన వియన్నాలోనే రఫాయెల్ కూబెలిక్ సారథ్యంలో ఆ కృతి వేదికనెక్కింది. దేహాన్ని విడిచిన ఆత్మ మాటలు లేని గానంగా పైకి సాగుతుండగా, దూరాన ఎత్తులో నిలిపిన వాద్యాలు దానికి తోడవుతాయి. సంగీతం అక్కడితో ఆగిపోతుంది. నేటికీ శ్రోతలు దానిని అలా అసంపూర్ణంగానే వింటున్నారు.