నాబోతు తోట, జోడేఘాట్ అడవి



ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో ఆదివాసులు కొమురం భీమ్‌ను స్మరించుకుంటారు. ఆయన పేరు నేడు ఒక జిల్లాకు ఉంది. ఆయన జీవితం మాత్రం మన సంఘాలలో కొద్దిమందికే తెలుసు.

ఆసిఫాబాద్ ప్రాంతంలోని సంకెపల్లిలో ఒక గోండు కుటుంబంలో ఆయన పుట్టారు. తాతల నాటి నుండి గోండులు దున్నుకుంటున్న నేల చుట్టూ నిజాం ప్రభుత్వం రిజర్వు అడవి హద్దులు గీసింది. పోడు కొడితే కేసు, పశువుల్ని మేపితే పన్ను. కాగితం లేని గోండు చేను, కాగితం సంపాదించిన బయటివాడి సొంతమైంది. అలా తమ పంటకు అడ్డుపడ్డ సిద్దిఖ్ అనే భూస్వామి భీమ్ చేతిలో చనిపోయాడు. భీమ్ ఊరు విడిచి పారిపోయి, అస్సాం తేయాకు తోటల్లో కూలి చేశారు.

తిరిగి వచ్చి, జోడేఘాట్, బాబేఝరి మొదలైన పన్నెండు గూడేలవారిని కూడగట్టారు. నీరు, అడవి, భూమి తమవేనని అధికారులకు మొరపెట్టుకున్నారు. ఆ మొర ఎవరూ ఆలకించలేదు. అప్పుడే గోండులు, కోలాములు ఆయుధాలు పట్టారు. 1940లో పోలీసు తుపాకులకు భీమ్, ఆయన అనుచరులు జోడేఘాట్‌లో నేలకొరిగారు.

ఆ తరువాతే ప్రభుత్వం కళ్లు తెరిచింది. హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నియమించింది. భూమి పోవడమే తిరుగుబాటుకు మూలమని ఆయన తేల్చారు. పట్టాలు ఇవ్వడం మొదలైంది, మార్లవాయిలో గోండు పిల్లలకు బడి వెలిసింది. బ్రతికుండగా అడిగినవాడికి ఇవ్వనిది, చనిపోయాక ఇచ్చారు.

మేము నరహత్యను సమర్థించము. అయితే చేతిలో ఆయుధాన్ని చూసి తీర్పు తీర్చేవారు, అంతకుముందు ఆ చేతిలో ఉన్న అర్జీని కూడా చూడాలి. పితరుల స్వాస్థ్యాన్ని అమ్మనన్నందుకు నాబోతు రాళ్లతో కొట్టబడ్డాడు. ఏలీయా అహాబును నిలదీసే నాటికి నాబోతు లేడు. యెజ్రెయేలు పెద్దలు ముందే నోరు తెరిచి ఉంటే?

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినా, మన జిల్లాల్లో పోడు పట్టా కోసం తిరిగేవారు ఇంకా ఉన్నారు. వారిలో కొందరు ఆదివారం మన ప్రక్కనే కూర్చుంటారు. సోమవారం వారితో కలిసి ఆఫీసుకు వెళ్లేవారు మన సంఘంలో ఎవరు?