ఎర్ర ఇటుక శిల్పి లారీ బేకర్

ఇటీవలి కాలంలో మన దేశంలో పలుచోట్ల పాఠశాల భవనాలు పూత లేని ఎర్ర ఇటుక గోడలతో మళ్లీ వెలుస్తున్నాయి. ఇది కేవలం అలంకారమని భావించేవారు లారీ బేకర్ జీవితాన్ని తెలుసుకోవడం ఎంతైనా అవసరం.

బేకర్ 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో జన్మించారు. అక్కడే వాస్తుశాస్త్రం అభ్యసించారు. శాంతివాది కావడం చేత రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆయుధం పట్టక, చైనాలో వైద్యసేవకు పూనుకున్నారు. తిరుగు ప్రయాణంలో ఓడ కోసం బొంబాయిలో నిరీక్షిస్తుండగా గాంధీజీ పరిచయ భాగ్యం లభించింది. ఐదు మైళ్ల లోపల దొరికే వస్తువులతోనే ఇల్లు నిర్మించుకోవాలన్న మహాత్ముని భావన ఆయన హృదయంలో నాటుకుపోయింది.

1945లో భారతదేశానికి తిరిగివచ్చి, కుష్ఠురోగుల వైద్యాలయాల నిర్మాణంలో పాల్గొన్నారు. 1948లో డాక్టర్ ఎలిజబెత్ జాకబ్‌ను వివాహమాడారు. దంపతులు హిమాలయ ప్రాంతమైన పిథోరాగఢ్‌లో సుమారు పదహారేళ్లు పేదలకు సేవలందించారు. అక్షరజ్ఞానం లేని గ్రామీణులు మట్టితో, రాతితో కట్టుకున్న ఇళ్లే తనకు నిజమైన విద్యాలయాలని బేకర్ గ్రహించారు. 1963లో కేరళ చేరి, తరువాత తిరువనంతపురంలో స్థిరపడ్డారు.

అక్కడి అభివృద్ధి అధ్యయన కేంద్రం ఆయన కీర్తికి శాశ్వత చిహ్నం. 1970వ దశకం తొలినాళ్లలో రూపుదిద్దుకున్న ఆ విద్యాసంస్థలో గోడలకు పూత లేదు. కిటికీలకు బదులు అనేకచోట్ల ఇటుకల జాలీలు గాలిని, మెత్తని వెలుతురును లోనికి పంపుతాయి. ఇటుకలను అంచుపై నిలబెట్టి, నడుమ ఖాళీ విడిచి గోడ కట్టే పద్ధతికి ఆయన విస్తృత ప్రచారం కల్పించారు. దీనివల్ల ఇటుకలు దాదాపు నాలుగవ వంతు ఆదా కావడమే గాక, లోపలి ఖాళీ ఎండవేడిని అడ్డుకుంటుంది. ఆదా అయిన సొమ్ము మేస్త్రీల చేతికి కూలిగా చేరాలన్నదే ఆయన ఆశయం. 1990లో పద్మశ్రీ పురస్కారం పొందిన ఆ మహనీయుడు 2007 ఏప్రిల్ 1న తిరువనంతపురంలో కన్నుమూశారు.

మన ప్రాంతానికి ఇటుక కొత్తది కాదు. 1213 నాటి రామప్ప దేవాలయ శిఖరానికి కాకతీయ శిల్పులు నీటిపై తేలే తేలిక ఇటుకలను వాడారు. అయినా నేడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో ఇటుకతో గోడ కట్టి, దానిని గిలాబుతో కప్పి, రంగు పూయడమే పరిపాటి. వేసవిలో ఆ గదులలో కూర్చున్న విద్యార్థుల అవస్థ వర్ణనాతీతం.

అయితే ఎర్ర రంగును అనుకరించినంత మాత్రాన బేకర్ బాటలో నడిచినట్లు కాదు. సిమెంటు గోడకు ఇటుక వన్నె పలకలు అతికించడం ఆయన ఆశయానికే విరుద్ధం. ఇటుక బట్టీలు సారవంతమైన మట్టిని, ఇంధనాన్ని హరిస్తాయి. కనుకనే ఆయన ఇటుకను పొదుపుగా వాడారు. భూపాలపల్లి సమీపాన చెల్పూరు విద్యుత్ కేంద్రంలో మిగిలే బూడిదతో చేసే ఇటుక ఎర్రగా ఉండదు. అయినా దగ్గరలో దొరికే వస్తువును వాడమన్న సూత్రానికి అది దూరం కాదు.

రేపటి ఇంజినీర్లు, పాఠశాల కమిటీల సభ్యులు నేటి మన విద్యార్థులే. తరగతి గది కట్టే ముందు అది ఎంత అందంగా కనిపిస్తుందని గాక, అందులో కూర్చునే పిల్లవానికి గాలి, నీడ అందుతాయా అని వారు ఆలోచించగలిగితే బేకర్ జీవితం మనకు సార్థకమైన పాఠం కాగలదు.