ఆటలోనే చదువును చూసిన ఫ్రోబెల్

మన ఊళ్ళలో ఇప్పుడు ఎక్కడ చూసినా ఎల్‌కేజీ, యూకేజీ అన్న బోర్డులే కనిపిస్తాయి. ఆ 'కేజీ' అంటే కిండర్ గార్టెన్ అని చాలామందికి తెలుసు. అది జర్మన్ మాట అనీ, పిల్లల తోట అని దాని అర్థమనీ, ఆ పేరు పెట్టిన మనిషి చిన్నపిల్లలకు పలక కంటే ముందు ఊలు బంతి అందించాడనీ తెలిసినవాళ్ళు తక్కువ. మాలో టీటీసీ, బీఎడ్ చదివినవాళ్ళకు కూడా ఫ్రోబెల్ అంటే పరీక్షలో వచ్చే రెండు మార్కుల ప్రశ్నే. ఆయన జీవితం చదివాక మాత్రం, ఇంటికి దూరంగా హాస్టల్లో పెరిగిన మనకు ఆయన దగ్గరి మనిషి అనిపించారు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి రాస్తున్నాం.

ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1782 ఏప్రిల్ 21న నేటి జర్మనీలోని తురింగియా ప్రాంతంలో ఓబర్‌వైస్‌బాఖ్ అనే పల్లెలో జన్మించారు. తండ్రి చర్చి పాస్టరు. పిల్లవాడికి తొమ్మిది నెలలు నిండేసరికి తల్లి చనిపోయింది. తండ్రికి చుట్టుపక్కల ఊళ్ళ పనులతోనే పొద్దు సరిపోయేది. కొన్నాళ్ళకు సవతి తల్లి వచ్చింది. మొదట్లో ఆమె ప్రేమగానే చూసింది. తనకు కొడుకు పుట్టాక మాత్రం, ఇంట్లోవాళ్ళతో మాట్లాడే చనువు మాట మానేసి, పరాయివాళ్ళతో మాట్లాడే తీరులో పిలవడం మొదలుపెట్టింది. ఆ ఒక్క మాట మార్పు తన మనసును ఎంత గాయపరిచిందో ఫ్రోబెల్ పెద్దయ్యాక కూడా మరచిపోలేదు. తోటి పిల్లలు లేక, పెరటి తోటలోని మొక్కలతోనే ఆయన బాల్యం గడిచింది.

పదేళ్ళ వయసులో మేనమామ ఆయన్ని స్టాట్‌ఇల్మ్ అనే ఊరికి తీసుకువెళ్ళి చదివించాడు. ఈడు పిల్లలతో కలిసి తిరగడం, ఆడుకోవడం ఆ పిల్లవాడికి అక్కడే దొరికింది. మనలో ఎంతోమందిని మేనమామలే చేయి పట్టుకుని హాస్టల్లో చేర్పించిన సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు.

పదిహేనో ఏట అటవీ అధికారి దగ్గర పని నేర్చుకోవడానికి వెళ్ళారు. తరువాత జేనా విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ అప్పు తీర్చలేక తొమ్మిది వారాలు విశ్వవిద్యాలయం జైల్లో ఉండవలసి వచ్చింది. ఆ తరువాత ఎన్నో ఉద్యోగాలు మారారు. 1805లో భవన నిర్మాణం నేర్చుకుందామని ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళి, ఒక బడిలో ఉపాధ్యాయుడిగా కుదిరారు. పాఠం చెప్పడమే తన పని అని అక్కడ తెలుసుకున్నారు. స్విట్జర్లాండ్‌లో పేద పిల్లల చదువు కోసం పాటుపడిన పెస్టాలజీ దగ్గర ఉండి ఆయన పద్ధతులు చూశారు. తరువాత బెర్లిన్‌లో రాళ్ళ స్ఫటికాల శాస్త్రం చదివారు. స్ఫటికాల మూలలు, ముఖాలు, కొలతలు ఆయన మనసులో నాటుకుపోయాయి. వాటి నీడ తరువాత ఆయన చేయించిన చెక్క దిమ్మెల్లో కనిపిస్తుంది.

1813లో నెపోలియన్‌తో జరిగిన యుద్ధంలో సైనికుడిగా చేరారు. అదే ఏడు సైనికులకు సేవ చేస్తూ అన్న క్రిస్టఫ్ జ్వరం సోకి చనిపోయాడు. తండ్రి లేని ఆ పిల్లల కోసమే ఫ్రోబెల్ 1816లో బడి పెట్టారు. అన్నల పిల్లలు ఐదుగురే తొలి విద్యార్థులు. మరుసటి ఏడు ఆ బడిని కైల్‌హావ్‌కు మార్చారు. 1835లో స్విట్జర్లాండ్‌లోని బుర్గ్‌డార్ఫ్ అనాథాశ్రమం బాధ్యత తీసుకున్నారు. బడికి వచ్చే వయసు కంటే ముందున్న ఏళ్ళే అన్నిటికీ పునాది అనీ, ఆ ఏళ్ళను ఎవరూ పట్టించుకోవడం లేదనీ ఆయనకు గట్టిగా అనిపించింది.

1837లో బ్లాంకెన్‌బర్గ్‌కు వచ్చి చిన్నపిల్లల కోసం ఆటవస్తువులు తయారు చేయించారు. వాటికి కానుకలు అని పేరు పెట్టారు. మొదటి కానుక దారం కట్టిన ఆరు రంగుల ఊలు బంతులు. తల్లి బంతిని ఊపుతూ పైకి, కిందికి, వచ్చింది, పోయింది అంటుంటే పసివాడికి వస్తువూ, కదలికా, మాటా ఒక్కసారే అందుతాయి. రెండో కానుక చెక్క గోళం, స్తూపం, ఘనం. గోళం ఎటైనా దొర్లుతుంది, ఘనం కదలకుండా నిలుస్తుంది, స్తూపం రెండు పనులూ చేస్తుంది. ఈ తేడా పిల్లవాడికి చేత్తోనే తెలుస్తుంది. మూడో కానుక ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే ఒక పెద్ద ఘనం. వాటితో కుర్చీ కట్టవచ్చు, ముగ్గు లాంటి ఆకారం పేర్చవచ్చు. రెండు సగాలు, నాలుగు పావులు, ఎనిమిది భాగాలు చేసి మళ్ళీ ఒకటి చేయవచ్చు. ఐదో తరగతిలో మనల్ని ఏడిపించిన భిన్నాలు నాలుగేళ్ళ పిల్లవాడి వేళ్ళకు ఇలా ఆటగా అందాయి. ఆట అయ్యాక దిమ్మెలన్నీ తిరిగి పెట్టెలో సర్దాలి. విడిపోయినవన్నీ కలిస్తేనే పూర్ణం అన్నది కూడా అందులో ఒక పాఠమే.

1840లో తన సంస్థకు కిండర్ గార్టెన్ అని పేరు పెట్టారు. ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చి పిల్లల ఉపాధ్యాయులుగా తయారు చేశారు. 1851 ఆగస్టులో ప్రష్యా ప్రభుత్వం కిండర్ గార్టెన్లను నిషేధించింది. రాజకీయ భావాలున్న కార్ల్ ఫ్రోబెల్ అనే అన్న కొడుకు రాతలను ఈయనవిగా పొరబడటం కూడా అందుకు ఒక కారణం. ఆ నిషేధం తొలగకుండానే 1852 జూన్ 21న ఫ్రోబెల్ కన్నుమూశారు. 1860లో నిషేధం ఎత్తివేశారు. అప్పటికే ఆయన శిష్యుల వల్ల పిల్లల తోటలు ఇతర దేశాలకు చేరాయి. 1856లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒకటి మొదలైంది. అమెరికా భవన శిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్‌కు తల్లి చిన్నప్పుడు ఈ కానుకలే కొనిచ్చింది. ఆ చెక్క దిమ్మెల స్పర్శ తన వేళ్ళలో జీవితాంతం నిలిచిపోయిందని ఆయన రాసుకున్నారు.

అయితే ఫ్రోబెల్ పోయాక కొన్నిచోట్ల ఆ కానుకలే డ్రిల్లుగా మారాయి. టీచరు చెప్పినట్టు అందరూ ఒకేసారి ఒకే తీరులో దిమ్మెలు పేర్చాల్సి వచ్చింది. నేడు ఎన్నో ఎల్‌కేజీల్లో మూడేళ్ళ పిల్లల చేత నాలుగు గీతల కాపీ పుస్తకాలు నింపించడం అంతకంటే దూరం పోయింది. తోట పేరు మిగిలింది, ఆట పోయింది.

మిత్రులారా, మనకు చిన్నప్పుడు కొన్న బొమ్మలు లేవు. అమ్మానాన్నలు కూలికి వెళ్తే చింతపిక్కలతో వామనగుంటలు ఆడాం, తాటికాయల బండ్లు తోలాం, చెరువు మట్టితో ఎడ్లను చేశాం. ఆటలు తిండి పెడతాయా అని తిట్లు తిన్నాం. కానీ గుంట గుంటకూ పిక్కలు పంచుతూ, ఆఖరి పిక్క ఎక్కడ పడుతుందో ముందే ఊహించడం లెక్కే కదా! బండి చక్రం సరిగ్గా తిరగడానికి పుల్లను మధ్యలో గుచ్చాలని తెలుసుకోవడం శాస్త్రమే కదా! మనం ఏమీ లేకుండా బడికి వచ్చినవాళ్ళం కాదు. ఆ సంగతి మనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

అందుకే ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తమ్ముణ్ణి, చెల్లిని, అక్క పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకోండి. వడ్రంగి దగ్గర మిగిలిన చెక్క ముక్కలు అడిగి, అంచులు నున్నగా రుద్ది ఇవ్వండి. మింగేటంత చిన్నవి, చింతపిక్కలు మాత్రం పసివాళ్ళకు ఇవ్వకండి. ఏం కడుతున్నావని అడగండి, చెప్పేది వినండి, కూలిపోతే మళ్ళీ కట్టనివ్వండి. ఉద్యోగాల్లో ఉన్న పాత విద్యార్థులు తమ ఊరి అంగన్‌వాడీకి అలాంటి ముక్కలు ఒక సంచీ నిండా ఇస్తే ఖర్చు పెద్దగా ఉండదు.

ష్వైనా అనే ఊళ్ళో ఫ్రోబెల్ సమాధి మీద ఒక ఘనం, దాని మీద స్తూపం, ఆ పైన గోళం నిలిపారు. ఆడుకోవడానికి తోడు లేని పిల్లవాడు లోకంలోని పిల్లలందరికీ ఇచ్చిపోయిన ఆస్తి అదే.