మన పక్కూరి మనిషి: ఉయ్యాలవాడ నరసింహారెడ్డి

మన బడికి ఉయ్యాలవాడ వైపు నుంచి వచ్చే పిల్లలు ఎప్పుడూ ఉండేవాళ్ళు. రుద్రవరం నుంచీ వచ్చేవాళ్ళు, చాగలమర్రి నుంచీ వచ్చేవాళ్ళు. సాంఘికశాస్త్రం పరీక్షలో మనందరం 1857 గురించి, మీరట్ గురించి రాసి మార్కులు తెచ్చుకున్నాం. అంతకు పదకొండేళ్ళ ముందు మన బెంచీ పక్కన కూర్చున్న పిల్లవాడి ఊరి నుంచే ఒకరు కంపెనీ మీద తిరగబడ్డారన్న సంగతి మాత్రం ఆ జవాబుల్లో మనమెవరం రాయలేదు. ఆ పేరు మనకు తెలిసింది కోలాటం పాటల్లో, తిరునాళ్ళలో, పెద్దవాళ్ళ కబుర్లలో. తర్వాత 2019లో సినిమా వచ్చింది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. ఇప్పుడు ఆయన తెలియనివారు లేరు. అయితే సినిమాలోని వీరుడికీ, కంపెనీ కాగితాల్లో కనిపించే మనిషికీ కొంత దూరం ఉంది. నాకు ఆ రెండో మనిషే ఎక్కువ దగ్గరగా అనిపిస్తాడు. ఈ సంచికలో ఆయన గురించే రాయాలనుకున్నాను.

ముందు ఆ కాలపు మన సీమను ఒకసారి తలుచుకోవాలి. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, మధ్యలో కుందూ నది, దాని రెండు వైపులా నల్లరేగడి. ఇదే రేనాడు. ఈ నేల అప్పట్లో రాజ్యాల అంచు. 1800లో నిజాం తన సైన్య ఖర్చుల బాకీ కింద ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. అందుకే మనవి దత్తమండలాలయ్యాయి. ఆ చులకన పేరు వద్దని రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నది 1928లో, మన నంద్యాలలో జరిగిన సభలోనే. కోయిలకుంట్లకు కూతవేటు దూరంలో ఉన్న బనగానపల్లె మాత్రం నవాబు సంస్థానంగానే ఉండిపోయింది. కర్నూలు నవాబును 1839లో కంపెనీ గద్దె దించింది. కోయిలకుంట్ల తాలూకా అప్పుడు కడప జిల్లాలో ఉండేది. నరసింహారెడ్డి కథలో కడప కలెక్టరు ఎందుకొచ్చాడని చాలామంది అడుగుతుంటారు, కారణం ఇదే.

కంపెనీ వచ్చేనాటికి ఈ సీమలో ఎనభై మంది దాకా పాలెగాళ్ళున్నారు. విజయనగరం కాలం నుంచి కోటలు, బంట్లు, శిస్తు వసూళ్ళు వాళ్ళ చేతుల్లో ఉండేవి. వాళ్ళందరూ ధర్మప్రభువులని నేను రాయను. పక్క పాలెగాడితో కయ్యం వస్తే తగలబడేది రైతు వామి, తోలుకుపోయేది రైతు ఎద్దులు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు ఉండి, పాలెగాళ్ళ బలం తీసేసి, శిస్తును నేరుగా రైతుతోనే ఖరారు చేశాడు. ఇందులో రైతుకు కొంత మేలు జరిగింది, కాదనలేం. ఆయుధాలు వదిలిన పాలెగాళ్ళకు నెలనెలా భరణం కట్టారు. తవర్జీ అనేవారు దాన్ని. నిన్నటిదాకా శిస్తు వసూలు చేసిన ఇల్లు ఇవాళ ఖజానా గుమస్తా ముందు నిలబడాల్సి వచ్చింది.

నరసింహారెడ్డి అలాంటి ఇంట్లో పుట్టాడు. సొంతూరు రూపనగుడి, తండ్రి పెద్దమల్లారెడ్డి. తాత జయరామిరెడ్డి నొస్సం పాలెగాడు. మన్రో కాలానికి ముందు ఈ చుట్టుపక్కల నొస్సం కోటంటే మాటలు కాదు. ఆ తాత మనవడికి కంపెనీ ఇచ్చిన భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు.

ఈ అంకె ఇంత వింతగా ఎందుకుందా అని ఒకరోజు కాగితం మీద లెక్క వేసి చూశాను. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు. పన్నెండు నెలలకు సరిగ్గా 140 రూపాయలు. ఏడాదికి 140 అని ఎవరో పైన రాసి ఉంటారు, కింద గుమస్తా దాన్ని పన్నెండు భాగాలు చేసి ఉంటాడు. ఒక పాలెగాడి వంశం ఆ భాగహారంలోకి కుదించుకుపోయింది.

నొస్సం కుటుంబానికి వేరే భరణం ఉండేది. అది అనుభవించేవారు పోయాక సర్కారు దాన్ని నిలిపేసింది. కూతురి వైపు మనవడిని కాబట్టి అందులో తనకూ పాలు రావాలని నరసింహారెడ్డి అడిగాడు. దమ్మిడీ కూడా ఇవ్వలేదు. ఆయన మొదటి కోపం ఇదేనని కంపెనీవారి రికార్డులే చెబుతాయి. మన ఊళ్ళలో చెప్పుకునే కథ ఇంకోటుంది. నెల భరణం కోసం రెడ్డి తన మనిషిని కోయిలకుంట్ల ఖజానాకు పంపితే, తహసీల్దారు అవమానించి తిప్పిపంపాడట, కావాలంటే రెడ్డినే స్వయంగా వచ్చి తీసుకోమన్నాడట. ఆయన అలాగే వచ్చాడు, కాకపోతే ఒంటరిగా రాలేదు.

ఒక్క మనిషి భరణం తగాదా కోసం వేలమంది ప్రాణాలకు తెగిస్తారా? తెగించరు. వాళ్ళ బాధ వేరు. ఊరి కావలి కాసే కట్టుబడి బంట్లకు తరతరాలుగా మాన్యాలుండేవి. అనుభవించేవాడు చనిపోతే ఆ మాన్యం మళ్ళీ కొడుక్కి ఇవ్వకుండా సర్కారు కలిపేసుకోవడం మొదలుపెట్టింది. గూళ్ళదుర్తి, కోయిలకుంట్ల, నొస్సం ప్రాంతాల్లో అలా భూములు పోయాయి. మిగిలినవీ పోతాయన్న భయం ఊరూరా పాకింది. తండ్రి చావుతోపాటే పొలమూ పోతుందంటే ఇంట్లో కొడుకు ఊరుకుంటాడా? ఆ కొడుకులు రెడ్డి దగ్గరికి చేరారు. బోయలు, చెంచులు, వడ్డెలు కలిశారు. ఆయన పక్కన నిలిచిన వడ్డె ఓబన్న పేరు కూడా జనం మరిచిపోలేదు. తన పదకొండు రూపాయల్లోంచి వాళ్ళ మాన్యాల దాకా చూడగలిగాడు కాబట్టే నరసింహారెడ్డిని నేను నాయకుడంటాను. లేకపోతే ఆయన కూడా అర్జీలు పెట్టుకుంటూ ముసలివాడైన మరో పాలెగాడి మనవడయ్యేవాడు.

1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. కచేరీ సిబ్బందిలో కొందరి ప్రాణాలు పోయాయి. పోయిన సొమ్ము 805 రూపాయల 10 అణాల 4 పైసలని లెక్క రాసుకున్నారు. ఆరేళ్ళ భరణానికి కాస్త తక్కువే. దోపిడీయే ఉద్దేశమైతే పెద్ద గిట్టుబాటు బేరమేమీ కాదు. అక్కడినుంచి మిట్టపల్లె దగ్గర పోలీసులతో తలపడ్డారు. మన రుద్రవరం మీద కూడా పడ్డారు. ఈ సంగతి దాచాల్సిన పని లేదు, తిరుగుబాటు దండు దారిలో ఉన్న ఊళ్ళకు నష్టం తప్పలేదు.

కడప కలెక్టరు కాక్రేన్ సైన్యాన్ని పిలిపించాడు. కెప్టెన్ నాట్, కెప్టెన్ వాట్సన్ దండులతో వెంటపడ్డారు. తుపాకుల ముందు కత్తులు, బల్లేలు ఎంతసేపు నిలుస్తాయి? ఒక పెద్ద పోరులో రెండు వందల మంది దాకా తిరుగుబాటుదార్లు పడిపోయారు. మిగిలినవారితో రెడ్డి నల్లమల దాటి గిద్దలూరు దగ్గరి కొత్తకోటకు చేరాడు. ఇల్లాళ్ళను, పిల్లలను అక్కడ ఉంచాడు. అక్కడికీ సైన్యం వచ్చింది. మళ్ళీ నల్లమల. పట్టిచ్చినవారికి వెయ్యి రూపాయలని సర్కారు ప్రకటించింది. ఏడాదికి 140 ఇచ్చిన మనిషికి ఏడేళ్ళ భరణం కన్నా ఎక్కువ వెల కట్టింది.

నల్లమల తెలిసినవాళ్ళం మనం. అహోబిలం కొండలెక్కి చూసినవాళ్ళకు తెలుసు, ఆ అడవిలో దాక్కున్న మనిషిని వెతకడం ఎంత కష్టమో. అక్కడే ఉండిపోయినా, ఉత్తరంగా నిజాం హద్దులోకి దాటినా మరికొంత కాలం దొరికేవాడు కాదేమో. ఆయన మాత్రం పడమరగా వెనక్కి, సొంత ఊళ్ళవైపు వచ్చాడు. సంజామల దగ్గరి పేరుసోమల కొండల్లో 1846 అక్టోబరులో చుట్టుముట్టారు. నలభై యాభై మంది చనిపోయారు. రెడ్డితో కలిపి 90 మంది పట్టుబడ్డారు.

విచారణ అంకెలు చూస్తే ఇది ఎంతమంది తిరుగుబాటో తెలుస్తుంది. దాదాపు వెయ్యి మందికి వారెంట్లు వెళ్ళాయి. 412 మందిని నేరం నిలవక వదిలేశారు. 273 మందిని జామీను మీద పంపారు. 112 మందికి 5 నుంచి 14 ఏళ్ళ దాకా శిక్షలు పడ్డాయి. రెడ్డికి ఉరి. ఈ 112 మంది పేర్లు ఏ విమానాశ్రయానికీ పెట్టలేదు. వాళ్ళ మునిమనవళ్ళ పిల్లలు మన బడిలోనే చదువుకుని ఉండొచ్చు, మన క్లాసులోనే ఉండి ఉండొచ్చు.

1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో, రెండు వేల మందికి పైగా జనం చూస్తుండగా ఉరి తీశారు. అంతటితో వదల్లేదు. తలను కోట గోడకు వేలాడదీశారు. 1877 దాకా అది అక్కడే ఉంది. ముప్పై ఏళ్ళు. ఈలోగా 1858లో కంపెనీ పాలనే పోయి రాణి పాలన వచ్చింది. అదే సంవత్సరం కర్నూలు జిల్లా ఏర్పడి కోయిలకుంట్ల అందులోకి వచ్చింది. 1866 కరువు వచ్చి పోయింది. తల మాత్రం దిగలేదు. తండ్రి చంకనెక్కి ఆ గోడ దిక్కు చూసిన పిల్లవాడు పెరిగి, తన కొడుకును చంకనెత్తుకుని అదే గోడ కింద నుంచి నడిచి ఉంటాడు. భయపెట్టడానికి పెట్టారు. భయపడ్డవాళ్ళూ ఉండే ఉంటారు. కానీ ఆ ముప్పై ఏళ్ళూ ఆ పేరు ఎవరూ మరిచిపోకుండా చూసింది కూడా ఆ గోడే.

ఆ పాట ఇప్పటికీ రేనాటి పల్లెల్లో ఉంది. ఒక ఊరిలో పాడే వరుస ఇంకో ఊరిలో ఉండదు. కోలాటంలో పాడేది వేరు, ఆడవాళ్ళు ఇంట్లో పాడుకునేది వేరు. నా చిన్నప్పుడు విన్నదాన్ని నేను రాసి పెట్టుకోలేదు, ఇప్పుడు రెండు చరణాలకు మించి గుర్తు రావడం లేదు. రూపనగుడి, ఉయ్యాలవాడ, పేరుసోమల, కొత్తకోట వైపు నుంచి వచ్చి మన బడిలో చదివినవాళ్ళు ఈ సంచిక చూస్తుంటే ఒక్క పని చేయండి. ఇంట్లో అవ్వలెవరికైనా ఆ పాట వస్తే పక్కన కూర్చుని ఫోనులో రికార్డు చేయండి, ఏ ఊరి వరుసో రాసి మన సంఘానికి పంపండి. బడి గ్రంథాలయంలో దాచిపెడదాం.