ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు

అమెరికా దేశమున థోరో అను తత్త్వవేత్త యుండెను. 1817లో జన్మించి 1862లో గతించిన యీతడు 1845 జూలైలో వాల్డెన్ అను కొలను చెంత చిన్న యిల్లు కట్టుకొని, రెండేండ్లకు పైగా అందే వసించెను. మనుష్యునకు నిజముగా కావలసినదెంత, అక్కరలేనిదెంత అని చూచుకొనుటయే ఆ వాసమునకు ప్రయోజనము. ఇంటికి కొనిన మేకుల ఖరీదు మొదలు పండించిన చిక్కుళ్ల వరకు జమాఖర్చు వ్రాసి తన గ్రంథమున అచ్చువేసెనని తెలిసినపుడు, లెక్కలతో జీవితము గడపిన నాకు ఆయనయందు గౌరవము ఇనుమడించినది. బానిసత్వమును పోషించు ప్రభుత్వమునకు తలపన్ను కట్టుటకు అంతఃకరణము ఒప్పుకొనక, 1846లో ఒక రాత్రి చెరసాలలో నుండెను. ఎవరో ఆ పన్ను చెల్లించుటచే మరునాడు విడుదలయ్యెను.

ఈ రెండును, అనగా పాకలో కాపురమును, పన్ను నిరాకరణమును, మన ప్రాంతముననే ఒక్కనితో గాక వేలమందితో జరిగినవి. 2022 వరకు మన ప్రకాశం జిల్లాలో నుండి, నేడు బాపట్ల జిల్లాలో చేరిన చీరాలయే ఆ చోటు. నడిపినవారు గోపాలకృష్ణయ్యగారు.

వీరు 1889 జూన్ 2వ తేదీన కృష్ణా మండలములోని పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తల్లిదండ్రులు గతింపగా బంధువులు పెంచిరి. కూచిపూడిలోను, గుంటూరులోను చదివి, కొంతకాలము బాపట్ల తాలూకా కచేరీలో గుమాస్తాగా నుండిరి. ఆ కుర్చీలోనే కుదురుకొని యుండినచో మనమాయన పేరు వినియుండము. 1911లో మిత్రుడైన నడింపల్లి నరసింహారావుగారితో స్కాట్లండునకు పోయి ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందిరి. ఆనంద కుమారస్వామిగారితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లీకరించిరి. అది 1917లో ప్రకటింపబడినది. స్వదేశమునకు వచ్చి రాజమహేంద్రవరమునను, బందరు జాతీయ కళాశాలలోను కొలువు చేసిరి గాని రెండుచోట్లను నిలువలేదు. స్వతంత్రుని కాలికి కొలువు చెప్పు ఇరుకే గదా! పిదప చీరాల చేరి ఆంధ్ర విద్యాపీఠగోష్ఠిని నెలకొల్పిరి. రామదండు అను సేవాదళమును కూర్చిరి. 1921లో బెజవాడలో కాంగ్రెసు సభ జరిగినపుడు జనసముద్రమును అదుపులో నుంచినది ఆ దండే.

ఇక అసలు సంగతి. చీరాల, పేరాలలు యూనియనుగా నున్న కాలమున ఏటికి సుమారు 4,000 రూపాయల పన్ను వసూలయ్యెడిది. 1919లో చెన్నపట్టణపు ప్రభుత్వము వానిని పురపాలక సంఘముగా మార్చగా అది 40,000కు పెరిగినది. ఊరివారి విన్నపములు చెల్లలేదు. కట్టనివారిలో కొందరిని కారాగారమునకు పంపిరి. అందొక స్త్రీయు నుండెను.

పన్ను కట్టకుండుట అనగానే నాకు పుణ్యకార్యముగా తోచదు. రాబడి లేక వీధిదీపము వెలుగదు, వైద్యశాల నిలువదు. కాని ఇచ్చువాని సమ్మతి లేక పదింతలు చేసినదానిని పన్ననుట కంటె అపరాధపు సొమ్మనుట మేలు. ఆ కాలముననే పెదనందిపాడు ప్రాంతమున శిస్తు వసూలు చేయవలసిన గ్రామోద్యోగులే రాజీనామాలిచ్చిరి. కలము క్రింద పెట్టుట లెక్కలవానికి ఎంత కష్టమో నేనెరుగుదును.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చి రెండు మార్గములు చూపిరి. ఒకటి, శాంతముగా పన్ను నిరాకరించి శిక్షననుభవించుట. రెండవది, ఊరే విడిచిపోవుట. ఏది చేసినను కాంగ్రెసు సహాయము నాశింపక స్వశక్తిపై చేయవలెననిరి. ప్రజలు రెండవదాని నెంచుకొనిరి. పదిహేనువేల జనములో పదమూడువేలకు పైగా ఇండ్లు విడిచి, పురపాలకపు హద్దుకు వెలుపల పాకలు వేసికొనిరి. దానికి రామనగరమని పేరు. పాండవులు వనమునకు పోయినపుడు పౌరులు కొంతదూరము వెంటనడిచి మరలిరి. ఇచ్చట పౌరులే వనవాసము చేసిరి. పదునొకండు మాసములు ఎండకు, వానకు ఓర్చిరి. చీరాల నేతగాండ్ర ఊరు. గుంటమగ్గమును తలపై పెట్టుకొని పోవుటకు వీలులేదు. మగ్గమాడనినాడు ఆ యింట పొయ్యి వెలుగదు.

థోరో అంతఃకరణపు ఖర్చు ఆయన ఖాతాలోనే పడినది. గోపాలకృష్ణయ్యగారి పిలుపునకు ఖర్చు పదమూడువేలమంది ఖాతాలలో పడినది. పసిబిడ్డలు, వృద్ధులు ఆ మార్గము నెంచుకొనలేదు. ఈ ప్రశ్న నన్ను చాలనాళ్లు వేధించినది. సమాధానముగా నాకు దొరకినది ఒకటే: ఆయన తన పద్దు దాచుకొనలేదు. సీమ చదువుతో వచ్చు హోదా అంతకుముందే వదలుకొనిరి. ఆ పాకలవారి కొరకు చందాలకై ఊరూర తిరిగిరి. బరంపురమున ప్రసంగింపరాదన్న ఆజ్ఞను మీరి, ఒక సంవత్సరము శిక్షపొంది తిరుచిరాపల్లి కారాగారమునకు పోయిరి. నాయకుడు లేక, ధనము లేక, రామనగరము సడలినది. జనులు క్రమముగా పాత యిండ్లకు మరలిరి. పన్నును కట్టిరి.

విడుదలైన పిమ్మట స్వరాజ్య పక్షమున పనిచేసిరి గాని ఆరోగ్యము చెడినది. లేమి వెన్నాడినది. 1928 జూన్ 10వ తేదీన క్షయవ్యాధితో గతించిరి. అప్పటికి ముప్పదితొమ్మిదేండ్లు. బాపట్ల కచేరీలోనే యుండినచో, పింఛనుకు ఇంకను చాల యేండ్లుండెడివి.