సిడ్నీ అలార్డు జీవిత చరిత్రము

ఆంగ్లదేశమునందు మోటారు బండ్లను నిర్మించి ప్రసిద్ధి కెక్కినవారు పలువురు కలరు. బండ్లను పందెములలో నడపి పేరొందినవారును పలువురు కలరు. కాని తన పేరుగల బండిని తానే నిర్మించి, తానే నడపి మాంటీకార్లో ర్యాలీలో ప్రథమస్థానము పొందినవాడు సిడ్నీ హెర్బర్టు అలార్డు ఒక్కడే. జాగ్వారు, ఫోర్డు అను పేర్లను చక్కగా నెరిగిన మన విద్యార్థులలో అలార్డు పేరు విన్నవారు మాకింతవరకు కనబడలేదు. అందుచే నీ చరిత్రమును వ్రాయ బూనితిమి.

అలార్డు 1910వ సంవత్సరము జూను 19వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి గృహనిర్మాణ వ్యాపారి, కలిమి గలవాడు. కుమారునికి ఇటుకలకంటె ఇంజనులమీదనే మక్కువ యెక్కువ. ఇరువది యేండ్లు నిండకమునుపే మూడుచక్రముల మోర్గను బండితో బ్రూక్లండ్సు పందెపు బాటమీదికి పోయెను. పిమ్మట తండ్రి సాయమున లండనులోని పట్నీ పేటలో ఆడ్లార్డ్సు మోటార్సు అను దుకాణమును తెరచి, ఫోర్డు బండ్లను అమ్ముచు మరమ్మతు చేయుచు నుండెను. అలార్డు, ఆడ్లార్డు అను పేర్ల పోలిక కాకతాళీయమే. రెండవది తండ్రి కొనిన యొక వ్యాపారసంస్థ పేరు.

ఆ దినములలో ఆంగ్లదేశమున బురద కొండలను, రాతి మెట్టలను బండితో నెక్కు పోటీలు విరివిగా జరుగుచుండెను. అందు వేగముకంటె వెనుకచక్రములు నేలను గట్టిగా పట్టుకొనుట ముఖ్యము. 1936లో అలార్డు ఒక ఫోర్డు బండి చట్రమును, దాని ఎనిమిది సిలిండర్ల ఇంజనును తీసికొని, ఇంజనును వెనుకకు జరిపి, ఒక బుగాటి పందెపుబండి తోకభాగమును దానిపై నమర్చి, మూడు వారములలోపుననే క్రొత్త బండి నొకదానిని సిద్ధపరచెను. దాని నమోదు సంఖ్య సి.ఎల్.కె. 5. చూచుటకది అతుకులబొంతవలె నుండినను కొండల నెక్కుటలో దానికి సాటి వచ్చినవి మిక్కిలి తక్కువ. చూచినవారు తమకును అట్టి బండి కావలెనని కోరిరి. యుద్ధము వచ్చునాటికి దాదాపు 12 బండ్లు తయారయ్యెను.

ముందు ఇరుసు విషయమున జరిగిన పనిని మేము కొంచెము వివరింపవలెను. ఫోర్డు బండి ముందుచక్రములు రెండును ఒకే ఇనుప దూలమునకు బిగింపబడి యుండెడివి. ఒక చక్రము రాతిమీది కెక్కిన రెండవదియు కదలును. క్రొత్త ఇరుసును పోతపోయించుటకు వలసిన ధనము చిన్న దుకాణమున కెక్కడిది? కావున ఆ దూలమునే నడుమకు కోసి, రెండు ముక్కలను మధ్యనొక కీలునకు తగిలించిరి. అప్పుడు ఏ చక్రము కాచక్రము వేరుగా లేచి దిగును. ఉపాయము చౌక, ఫలితము మంచిది. అయితే చక్రము లేచినప్పుడెల్ల ప్రక్కకు వాలుటచే బండిని సూటిగా నడుపుటకు చేతిబలము, అలవాటు రెండును కావలసివచ్చెను. మా పాఠశాల వడ్రంగపు గదిలో పాత బల్లలనుండి క్రొత్త బల్లలు చేయు బాలురు ఇట్టి లాభనష్టములను మాకంటె బాగుగా నెరుగుదురు.

యుద్ధకాలమున అలార్డు దుకాణము సైన్యపు ఫోర్డు బండ్లను బాగుచేయుటలో మునిగియుండెను. యుద్ధానంతరము క్లాపాములో అలార్డు మోటారు కంపెనీ బయలుదేరెను. ఇంజను ఫోర్డుదే, గేర్లు ఫోర్డువే. ఆ ఇంజనుతోనే చిక్కు. కాలిన వాయువు బయటికి పోవు దారులు సిలిండర్ల దిమ్మెలోనే, నీటి నడుమగా పోవుటచే, దీర్ఘమైన ఎత్తుబాటలమీద నీరు త్వరగా మరుగుచుండెను. పెద్ద కంపెనీ యైనచో దిమ్మెనే మార్చి పోయించును. కొనితెచ్చిన ఇంజనుతో బ్రదుకువానికి ఆ స్వాతంత్ర్యము లేదు. అమెరికాలో అంతకంటె మంచి కాడిలాక్కు ఇంజనులుండెను గాని ఆంగ్లదేశమునకు డాలర్ల కరవు. కనుక జె2 అను పందెపుబండ్లను ఇంజను లేకుండ అమెరికాకు పంపగా, కొనినవారు అక్కడనే ఇంజను నమర్చుకొనుచుండిరి. ఇంజను లేని బండిని అమ్ముట నవ్వు పుట్టించును. కాని ఆ బండితోనే అలార్డు 1950లో టామ్ కోలు అను వానితో కలిసి లెమాన్సు ఇరువదినాలుగు గంటల పందెములో మూడవ స్థానము సంపాదించెను. గేర్లు పాడై పైగేరు ఒక్కటే మిగిలినను బండిని ఆపలేదు. అంతకు ముందటి యేడు, అనగా 1949లో, గాలిచే చల్లబడు స్టయరు ఇంజనుగల బండితో ఆంగ్లదేశపు కొండయెక్కు పోటీలలో ఛాంపియను అయ్యెను.

ఇక మాంటీకార్లో ర్యాలీ. 1911లో ప్రారంభమైన యీ పోటీలో బండ్లు చలికాలమున ఐరోపాలోని వేర్వేరు నగరములనుండి బయలుదేరి, నిర్ణీతకాలమున మజిలీలను దాటుచు మొనాకో చేరవలసి యుండెను. ఆలస్యమైన ప్రతి నిమిషమునకు శిక్ష. అటుపిమ్మట మొనాకో వెనుకనున్న పర్వతములలో కాలపరీక్ష. పెద్ద కంపెనీలు దీనికై ప్రత్యేక శాఖ నుంచుకొనును. బాటను ముందుగా చూచివచ్చువారు, మెకానిక్కులు, విడిభాగములు, జీతమునకు నడపువారు, అన్నియు నుండును. 1952 జనవరిలో రూట్సు కంపెనీ నార్మను గారాడు ఆధ్వర్యమున సన్‌బీమ్ టాల్బటు బండ్లను పంపెను. వానిలో నొకదానిని నడపినవాడు ఇరువదిరెండేండ్ల స్టిర్లింగు మాసు. అతనికదే మొదటి మాంటీకార్లో.

నలువదియొక్క యేండ్ల అలార్డు, గై వార్బర్టను, టామ్ లష్ అను తోడివారితో, తన కంపెనీ పి1 అను కుటుంబపు బండిలో గ్లాస్గోనుండి బయలుదేరెను. ఫ్రాన్సు నడిమి మెట్టలలో మంచు దట్టముగా కురిసెను. బండ్లు జారి గోతులలో పడుచుండెను. యజమాని, నిర్మాత, నడపువాడు ఒకడే యగుటచే కలుగు లాభమేమో ఆ రాత్రి తెలిసినదని మా యభిప్రాయము. చక్రము ఎంతవరకు జారునో, ఎప్పుడు పట్టు దొరకునో ఒకరి నడుగ నక్కరలేదు. బురదకొండల అనుభవమంతయు అక్కరకు వచ్చెను. తుదకు అలార్డు ప్రథముడు. స్వల్పమైన తేడాతో మాసు ద్వితీయుడు.

గెలుపు తరువాతి కథ విచారకరము. పేరు వచ్చెను గాని బండ్ల అమ్మకము పెరుగలేదు. 1948లోనే జాగ్వారు కంపెనీ స్వంత ఇంజనుతో ఎక్స్‌కె 120 బండిని చూపి, వేయి పౌండ్లలోపు వెలకే అమ్మ జూపెను, పన్ను వేరు. చేతితో రేకులు వంచి బండి కట్టువాడు ఆ వెలకు ఇయ్యలేడు. ఫోర్డు కంపెనీయు జెఫిరు అను బండిలో ముందుచక్రములకు వేర్వేరు అమరికను తానే పెట్టెను. దూలమును కోసి అలార్డు సాధించినది ఇప్పుడు ఎవరైనను అంగడిలో కొనవచ్చును. 1953లో మాంటీకార్లో ర్యాలీని గెలిచినది ఆ జెఫిరే. నడపినవాడు మారిసు గాట్సొనిడెస్. బండి వేగమును కొలుచు యంత్రమును కనిపెట్టి, పిమ్మట వేగముగా పోవువారి కందరికిని తలనొప్పి తెచ్చినవా డితడే. ఏ కంపెనీ ఇంజనులతో అలార్డు పైకి వచ్చెనో ఆ కంపెనీయే అతనిని దాటిపోయెను.

1950ల చివరకు అలార్డు బండ్ల నిర్మాణము ఆగిపోయెను. మొత్తము తయారైనవి సుమారు 1,900. అలార్డు మాత్రము ఊరకుండలేదు. ఫోర్డు ఆంగ్లియాకు సూపర్‌చార్జరు నమర్చి అలార్డెట్ అను పేర అమ్మెను. ఆ బండ్లతో ర్యాలీలకును పోయెను. 1961లో క్రైస్లరు ఇంజనుతో, కొద్దిదూరమును మెరుపువలె పరుగెత్తు డ్రాగ్‌స్టరు నొకదానిని కట్టి, ఆ అమెరికా క్రీడను ఆంగ్లదేశమున పాదుకొల్పెను. ఏబది దాటిన వయస్సున ఇట్టి పనికి పూనుకొనుట కొందరికి వింతగా తోచెనేమో. నలువదులలోనున్న మాకు మాత్రము కొంత ధైర్యమే కలిగినది.

1966 ఏప్రిలు 12వ తేదీన అలార్డు మరణించెను. ఆ రాత్రియే క్లాపాములోని కర్మశాల అగ్నికి ఆహుతియై, కంపెనీ కాగితములు పెక్కు కాలిపోయెను. అయినను మిగిలిన బండ్ల యజమానులు వానిని పలుదేశములలో నడపుచునే యున్నారు. వాని ఇంజను, గేర్లు వేల కొలది ఫోర్డు బండ్లలో వాడినవే గనుక, విరిగిన భాగమునకు బదులు భాగము దొరకుట కష్టము కాలేదు.